బొమ్మలు, మెహందీ, ఖత్తాతీ కోసం పెన్ను ఉన్న ట్యాబ్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

"భయ్యా, దీని మీద పెన్నుతో డ్రాయింగ్ వస్తదా?"

"ఎందుకు రాదు బాజీ, ఏ పెన్నైనా నడుస్తది."

షాపులో వినిపించే ఈ ఒక్క మాట మీద నమ్మకం పెట్టి చాలా ఇళ్లల్లో పదిహేను వేలు, ఇరవై వేలు పెట్టి ట్యాబ్ కొనేస్తారు. ఇంటికొచ్చి రెండు వందల రూపాయల రబ్బరు మొన పెన్నుతో గీత గీస్తే లావు గీత తప్ప సన్న గీత రాదు. అరచేయి ఆనితే మరో చోట చుక్క పడుతుంది. వారం తర్వాత ఆ ట్యాబ్ పిల్లలు యూట్యూబ్ చూడటానికి పోతుంది, గీయాలనుకున్న అమ్మాయి మళ్లీ నోటుబుక్కు తీస్తుంది. షాపువాడు అబద్ధం చెప్పాడని కూడా అనలేం. పెన్ను నడుస్తుంది, కానీ వేలు నడిచినట్టే నడుస్తుంది. గీసే పెన్ను వేరు, తాకే పెన్ను వేరు.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మెహందీ డిజైన్లు వేసేవాళ్లు, షాదీ కార్డులు, ఫ్లెక్సీలు తయారు చేసేవాళ్లు, ఉర్దూ ఖత్తాతీ నేర్చుకునేవాళ్లు, ఇంటర్ తర్వాత యానిమేషన్ వైపు పోదామనుకునే పిల్లలు ఇప్పుడు ఈ పరికరాల గురించి అడుగుతున్నారు. పెట్టే డబ్బు చిన్నది కాదు. అందుకే ఏ పనికి ఏ పరికరం సరిపోతుందో, కొనే ముందు ఏం పరీక్షించాలో ఇక్కడ ఒక వరుసలో చూద్దాం.

మార్కెట్‌లో ఉన్నవి మూడు రకాలు

మొదటిది స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్. చూడటానికి నల్లటి పలకలా ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలించాలి. చేయి పలక మీద కదులుతుంది, గీత మానిటర్ మీద కనిపిస్తుంది. వాకమ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ కంపెనీలవి ఎక్కువగా దొరుకుతాయి. చిన్న సైజువి నాలుగైదు వేల లోపే వస్తాయి. ఇంట్లో ఇప్పటికే కంప్యూటర్ ఉంటే అన్నిటికన్నా తక్కువ ఖర్చు దారి ఇదే. కష్టం ఒక్కటే, చేయి ఒక చోట, చూపు ఒక చోట. మొదట్లో గీతలు వంకర పోతాయి. రోజూ కూర్చుంటే రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. మొదటి రోజే విసుగొచ్చి పక్కన పెట్టేసేవాళ్లు కూడా ఉంటారు, అందుకే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

రెండోది స్క్రీన్ ఉన్న పెన్ డిస్‌ప్లే. దీన్నీ కంప్యూటర్‌కే తగిలించాలి, కానీ గీసిన చోటే గీత కనిపిస్తుంది. వాకమ్ సింటిక్, వాకమ్ వన్ ఈ రకం. ధర ఎక్కువ, కేబుళ్లు ఎక్కువ, కరెంటు కావాలి. ఒకే టేబుల్ దగ్గర రోజంతా డిజైన్ పని చేసే వాళ్లకు సరిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తొందర అక్కర్లేదు.

మూడోది అన్నీ తనలోనే ఉన్న ట్యాబ్. ఐప్యాడ్, సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ వరుస, షావోమీ, వన్‌ప్లస్ ప్యాడ్‌లు ఇందులోకి వస్తాయి. కంప్యూటర్ అక్కర్లేదు. బ్యాగులో వేసుకుని పెళ్లింటికి పోయి అక్కడే డిజైన్ చూపించొచ్చు. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. జనం ఎక్కువగా అడిగేది దీన్నే, మోసపోయేది కూడా దీని దగ్గరే. కారణం పెన్ను.

పెన్ను లోపల ఏముందో తెలియాలి

పెన్నులు కూడా మూడు రకాలే. రబ్బరు మొన పెన్ను, లేదా మొనకు పారదర్శక బిళ్ల ఉన్న పెన్ను, ఏ టచ్ స్క్రీన్ మీదైనా పని చేస్తుంది. స్క్రీన్‌కు అది వేలే అనిపిస్తుంది. ఎంత గట్టిగా నొక్కినా తేడా తెలియదు, అరచేతిని, పెన్నునూ వేరుగా గుర్తించలేదు. పది రంగులు నింపే పిల్లల ఆటకు సరే, డ్రాయింగ్‌కు కాదు.

రెండో రకం ఈఎంఆర్ పెన్ను. ఇందులో బ్యాటరీ ఉండనవసరం లేదు. పలక లోపల ఉన్న తీగల వల సన్నటి అయస్కాంత క్షేత్రం పంపిస్తుంది, పెన్నులోని చుట్ట దాని నుంచే శక్తి తీసుకుని జవాబు ఇస్తుంది. 1983లో జపాన్‌లో మొదలైన వాకమ్ కంపెనీ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. సామ్‌సంగ్ ఎస్ పెన్‌లో ఉన్నది కూడా వాకమ్ పద్ధతే, 2011లో గెలాక్సీ నోట్ ఫోన్‌తో అది వచ్చింది. గీయడానికి ఛార్జింగ్ గొడవ లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అయస్కాంతం ఉన్న కవర్లు, స్టాండ్లు దగ్గర పెడితే కొన్ని చోట్ల గీత పక్కకు జరుగుతుంది. ట్యాబ్ పాడైందని సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తే ముందు కవర్ తీసి చూడాలి.

మూడో రకం ఛార్జింగ్ పెట్టాల్సిన యాక్టివ్ పెన్ను. యాపిల్ పెన్సిల్, షావోమీ పెన్ను ఈ కోవవి. ఇవి బాగానే గీస్తాయి, కానీ తమకు జత అయిన మోడళ్ల మీద మాత్రమే. పక్కింటి వాళ్ల దగ్గర యాపిల్ పెన్సిల్ ఉంది కదా అని ఆండ్రాయిడ్ ట్యాబ్ కొంటే ఏమీ రాదు.

ఇక్కడే పేర్ల గందరగోళం కూడా ఉంది. సామ్‌సంగ్‌లో గెలాక్సీ ట్యాబ్ ఏ9, ఏ9 ప్లస్ లకు ఎస్ పెన్ పని చేయదు, లోపల ఆ తీగల వల లేదు. తర్వాత ఎస్ పెన్ కొని తగిలించుకుందాం అంటే కుదరదు. 2020లో వచ్చిన ట్యాబ్ ఎస్6 లైట్, 2023లో వచ్చిన ఎస్9 ఎఫ్‌ఈ లాంటి వాటిలో పెన్ను బాక్సులోనే వస్తుంది. ఒక్క అక్షరం తేడా, 'ఏ'నా 'ఎస్'నా అన్నది, పని మొత్తాన్ని మార్చేస్తుంది.

యాపిల్‌లో గందరగోళం ఇంకో రకం. పెన్సిల్ ఎప్పుడూ విడిగానే కొనాలి. 2023 నవంబర్‌లో యూఎస్‌బీ-సీ పెన్సిల్ వచ్చింది. భారత్‌లో దాని ధర 7,900 రూపాయలుగా పెట్టారు. వాలు గుర్తిస్తుంది, కానీ నొక్కుడు గుర్తించదు. 2024లో వచ్చిన పెన్సిల్ ప్రో ధర 11,900. అది నొక్కుడుతో పాటు చేతిలో పెన్ను తిప్పినా గుర్తిస్తుంది, అయితే ఎం2 చిప్ నుంచి వచ్చిన ఐప్యాడ్ ఎయిర్, ఎం4 నుంచి వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఏ17 ప్రో చిప్ ఉన్న ఐప్యాడ్ మినీ మీదే నడుస్తుంది. 2025 మార్చిలో 34,900 రూపాయల ధరతో వచ్చిన ఏ16 ఐప్యాడ్ మీద నొక్కుడు కావాలంటే మొదటి తరం పెన్సిల్ తీసుకోవాలి, దాన్ని కలపడానికి చిన్న అడాప్టర్ కూడా ఉండాలి. అంటే 'తక్కువ ధర ఐప్యాడ్' అన్నప్పుడు పెన్సిల్ ధర కలిపితేనే అసలు లెక్క.

ప్రెషర్ లెవెల్స్ సంఖ్య చూసి మురిసిపోవద్దు

బాక్సుల మీద 2048, 4096, 8192, 16384 అని పెద్ద అక్షరాలతో రాస్తారు. మెల్లగా ఆనించడం నుంచి గట్టిగా నొక్కడం వరకు పెన్ను ఎన్ని మెట్లుగా లెక్కిస్తుందో చెప్పే అంకె అది. 2048 నుంచి 8192కు పోతే గీత నాలుగు రెట్లు బాగుంటుందని కాదు. మన చేయి అన్ని తేడాలను పట్టి నొక్కలేదు. వాకమ్‌లో తక్కువ ధరకు దొరికే 'వన్ బై వాకమ్' 2048 లెవెల్స్‌తోనే చాలామందికి సరిపోతుంది.

అంకె కన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. చాలా మెల్లగా ఆనించినా గీత మొదలవుతుందా? మెల్లగా వాలు గీత గీస్తే తిన్నగా వస్తుందా, మెట్లు మెట్లుగా వణుకుతుందా? పెన్ను మొనకు, గీతకు మధ్య ఎడం ఎంత? అద్దానికి, లోపలి స్క్రీన్‌కు మధ్య గాలి సందు ఉన్న ట్యాబ్‌లలో మొన ఒక చోట, గీత కొంచెం పక్కన కనిపిస్తుంది. రెండూ అతికించి ఉన్న స్క్రీన్‌లో ఈ ఎడం తగ్గుతుంది. మామూలు బొమ్మకు పట్టింపు లేకపోవచ్చు, సన్నటి మెహందీ గీతకు, ఉర్దూ నుఖ్తాలకు తేడా తెలుస్తుంది.

ఖత్తాతీకి ఏం కావాలి

ఉర్దూ పత్రికలన్నీ ఒకప్పుడు కాతిబ్‌ల చేతి రాతే. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ చేత్తో రాసిన వేల అక్షర జోడింపులతో నూరీ నస్తాలీఖ్ కంప్యూటర్‌లోకి వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక కితాబత్ పని వేగంగా తగ్గిపోయింది. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' పత్రిక మాత్రం చేతి రాతను వదలకుండా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో షాదీ కార్డుల మీద పేర్లు అందంగా రాసే హునర్‌కు ఇప్పటికీ విలువ ఉంది. ఫాంట్‌లో అందరి పేర్లూ ఒకేలా వస్తాయి, చేత్తో రాసినది అలా ఉండదు. ట్యాబ్ మీద ఖత్తాతీకి గిరాకీ పుట్టింది కూడా ఇందుకే. నికాహ్ కార్డు, ఇంటి నేమ్‌ప్లేట్, దుకాణం బోర్డు, ఏదైనా ఒకసారి రాసి వాట్సాప్‌లో పంపొచ్చు.

ఖత్తాతీలో గీత లావు, సన్నం వచ్చేది నొక్కుడు వల్ల కాదు, ఏటవాలుగా కోసిన కలం మొన వల్ల. కలాన్ని ఏ కోణంలో పట్టామన్నదే ప్రధానం. కొలతంతా ఆ కలంతో పెట్టిన నుఖ్తాతోనే. నస్తాలీఖ్‌లో అలిఫ్ సాధారణంగా మూడు నుఖ్తాల ఎత్తు. కలం మారితే నుఖ్తా మారుతుంది, దాంతో అక్షరమంతా మారుతుంది.

కాబట్టి యాప్‌లో గుండ్రటి బ్రష్ కాదు, చదునైన బ్రష్ తీసుకోవాలి. బ్రష్ కోణం గీత దిశతో పాటు తిరగకుండా ఒకే చోట నిలిచేలా సెట్ చేయాలి. నొక్కుడుతో సైజు మారే సెట్టింగ్ ఆపేయాలి. ఇవి మూడూ చేయకపోతే ఎంత ఖరీదైన ట్యాబ్ మీదైనా రాత స్కెచ్ పెన్నుతో రాసినట్టే ఉంటుంది. ఇంకో సంగతి, నొక్కుడు అవసరం లేదు కాబట్టి ఖత్తాతీ మాత్రమే చేసేవాళ్లు నొక్కుడు గుర్తించని పెన్నుతో కూడా పని నడిపించుకోవచ్చు. రాస్తూ రాస్తూ కలాన్ని వేళ్ల మధ్య తిప్పే ఉస్తాద్ స్థాయి పని కావాలంటే మాత్రం తిప్పుడు గుర్తించే యాపిల్ పెన్సిల్ ప్రో, వాకమ్ ఆర్ట్ పెన్ లాంటివే దారి. నేర్చుకునే రోజుల్లో అంత ఖర్చు అనవసరం.

అరచేయి విషయం ఉర్దూ రాసేవాళ్లకు మరీ ముఖ్యం. తెలుగు, ఇంగ్లిష్ రాసేటప్పుడు కుడి చేయి ఇంకా రాయని ఖాళీ మీద ఉంటుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు కాబట్టి చేయి అప్పటికే రాసిన దాని మీద ఉంటుంది. కాగితం మీదైతే సిరా అలుక్కుపోకుండా చేతి కింద ఒక ముక్క కాగితం పెట్టుకుంటారు. ట్యాబ్ మీద సిరా అలుక్కోదు గానీ, అరచేతిని ట్యాబ్ వేలుగా లెక్కిస్తే రాసిన అక్షరం మీదే గీతలు పడతాయి. అరచేతిని పట్టించుకోని సౌకర్యం ఉందా లేదా అన్నది షాపులో అలిఫ్, బే, పే రాసి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది.

రాత నేర్చుకోవడానికి ట్యాబ్ ఉస్తాద్ కాదు. కాగితం మీద వెదురు కలంతో చేయి కుదిరాకే స్క్రీన్ మీదకు రావడం మంచిది. జాతీయ ఉర్దూ భాషా ప్రోత్సాహక మండలి దేశంలో పలు చోట్ల ఖత్తాతీ, గ్రాఫిక్ డిజైన్ కలిపి నేర్పే కేంద్రాలకు సాయం చేస్తుంది. ఇష్టం ఉన్నవాళ్లు దగ్గర్లో ఏదైనా ఉందేమో కనుక్కోవచ్చు.

మెహందీ డిజైన్లకు ఏం కావాలి

మెహందీ కోన్ నుంచి వచ్చే గీత దాదాపు ఒకే లావు. అందుకే ఇక్కడ కూడా నొక్కుడు కన్నా చేయి వణకకుండా గీత నిలవడం ముఖ్యం. చాలా యాప్‌లలో స్టెబిలైజర్ అనే సౌకర్యం ఉంటుంది. వణుకును అది సర్దేస్తుంది. రెండోది సిమెట్రీ. సగం గీస్తే రెండో సగం అదే వస్తుంది, అరచేతి మధ్య గుండ్రటి టిక్కీ గీసేటప్పుడు ఒక ముక్క గీస్తే ఎనిమిది ముక్కలు పడతాయి. మూడోది లేయర్లు. చేతి ఫొటో కింది లేయర్‌లో పెట్టి పై లేయర్‌లో డిజైన్ గీస్తే, దుల్హన్ ఇంటివాళ్లకు కోన్ ముట్టకముందే చూపించొచ్చు. 'ఈ బేల్ వద్దు ఆపా, మణికట్టు దాకా నింపండి' అంటే అక్కడికక్కడ మార్చొచ్చు.

ఇంట్లోంచి బయటికి ఎక్కువ పోలేని ఆడపిల్లలకు ఇది నిజంగా సంపాదన దారి కావచ్చు. కానీ మెహందీ పెట్టడం రాకుండా ట్యాబ్ కొంటే డిజైన్లు రావు. పని ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లకే ఈ ఖర్చు తిరిగి వస్తుంది.

నిర్మల్ బొమ్మ, కరీంనగర్ వెండి తీగ

ఈ రెండు జిల్లాలకు గీత కొత్త కాదు. పొనికి కర్రతో చేసే నిర్మల్ బొమ్మలు, బంగారు రంగు మెరిసే నిర్మల్ పెయింటింగ్‌లు, కరీంనగర్ వెండి తీగ పని, ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలు, అన్నిటికీ జీఐ గుర్తింపు ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయి నిర్మల్ వేరే జిల్లా అయినా ఈ హునర్ పాత ఆదిలాబాద్‌దే. సన్నటి వెండి తీగలను మెలితిప్పి అత్తర్‌దాన్‌లు, పాన్‌దాన్‌లు చేసే కరీంనగర్ కళకు ఎలగందుల మొదటి ఇల్లు.

ఇలాంటి పనికి నమూనా గీసుకోవాలంటే ట్యాబ్ పనికొస్తుంది, కానీ ఎలాంటి ఫైల్ తయారవుతుందో చూసుకోవాలి. ప్రొక్రియేట్ లాంటి యాప్‌లలో గీసినది చుక్కల బొమ్మ. పెద్దది చేస్తే అంచులు చెదురుతాయి. 300 డీపీఐలో ఐదు సెంటీమీటర్ల ముక్క అంటే సుమారు 590 పిక్సెల్స్ మాత్రమే. అదే నమూనాను ఒక చోట చెవి కమ్మకు, ఇంకో చోట అడుగు వెడల్పు పళ్లేనికి వాడాలంటే వెక్టార్ పద్ధతిలో గీయాలి. అందులో గీత లెక్కగా నిలిచి ఉంటుంది, ఎంత పెంచినా చెదరదు. లేజర్ కటింగ్, స్టెన్సిల్ చేసేవాళ్లు అడిగేది కూడా వెక్టార్ ఫైలే. కంప్యూటర్ మీద ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేసుకోవచ్చు. ఇలాంటి పనికి స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్, కంప్యూటర్ జోడీ ఖరీదైన ట్యాబ్ కన్నా మేలు.

మెమరీ లెక్క ఒకసారి వేసుకోండి

ఏ4 కాగితం 300 డీపీఐలో అంటే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెల్స్. మొత్తం సుమారు 87 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు అనుకుంటే ఒక్క లేయర్‌కే దాదాపు 35 ఎంబీ. ఇరవై లేయర్లు పెడితే 700 ఎంబీ. ఏ3 సైజు అయితే దీనికి రెట్టింపు. 4 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్‌లో సిస్టమ్‌కు, మిగతా యాప్‌లకు పోగా మిగిలేది తక్కువ. అందుకే లేయర్లు పెరిగేకొద్దీ ట్యాబ్ నత్తనడక నడుస్తుంది, కొన్ని యాప్‌లు ఇక లేయర్ పెట్టనివ్వవు. మెహందీ, ఖత్తాతీలకు నాలుగైదు లేయర్లు చాలు కాబట్టి 4 జీబీ నడుస్తుంది. రంగుల బొమ్మలు, కామిక్స్ గీసేవాళ్లు 6 లేదా 8 జీబీ చూసుకోవాలి.

ఫ్లెక్సీ అనగానే చాలామంది 300 డీపీఐ పెట్టి ట్యాబ్‌ను ఆగిపోయేలా చేస్తారు. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంత అక్కర్లేదు. ఆరు అడుగులు, నాలుగు అడుగుల ఫ్లెక్సీ 72 డీపీఐలో 5184 అడ్డం, 3456 నిలువు పిక్సెల్స్ అవుతుంది. ప్రింటింగ్ వాళ్లు ఎంత అడుగుతారో ముందే కనుక్కుంటే సరిపోతుంది. రంగుల సంగతి కూడా అడగాలి. స్క్రీన్ మీద మెరిసే పచ్చ, గులాబీ రంగులు కాగితం మీద మందంగా వస్తాయి. క్రిటా, ప్రొక్రియేట్‌లలో ప్రింటింగ్ రంగుల పద్ధతిలోనే ఫైల్ మొదలుపెట్టే వీలుంది.

యాప్‌లకు ఎంత పెట్టాలి

మొదట్లో ఒక్క రూపాయి పెట్టనవసరం లేదు. కంప్యూటర్ మీద క్రిటా పూర్తిగా ఉచితం. ఆండ్రాయిడ్ మీద ఐబిస్ పెయింట్, మెడిబ్యాంగ్, స్కెచ్‌బుక్ ఉచితంగా మొదలుపెట్టొచ్చు. ప్రొక్రియేట్ ఐప్యాడ్ మీదే ఉంటుంది, ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. క్లిప్ స్టూడియో పెయింట్ ట్యాబ్‌ల మీద నెలవారీ, ఏడాదివారీ చందాతో నడుస్తుంది. చందా యాప్ తీసుకునేవాళ్లు మూడేళ్లకు ఎంతవుతుందో గుణించి ట్యాబ్ ధరకు కలుపుకోవాలి. పేరు, చిరునామా ఉర్దూలో టైప్ చేసే అవసరం ఉంటే, అక్షరాలు విడివిడిగా పడుతున్నాయా, కలిసి వస్తున్నాయా అన్నది ఆ యాప్‌లో ముందే చూసుకోవాలి.

డబ్బు లెక్క: బిల్లు, జీఎస్టీ, ఈఎంఐ

ట్యాబ్‌ల మీద జీఎస్టీ 18 శాతం. 30,000 రూపాయల ట్యాబ్‌లో సుమారు 4,576 రూపాయలు పన్నే. ప్రింటింగ్, డిజైనింగ్ షాపు పెట్టి సాధారణ పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు తమ జీఎస్టీ నంబర్ బిల్లు మీద వేయించుకుంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు ఇది రాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు కూడా బిల్లు లేకుండా కొనొద్దు. 'బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తా' అన్న బేరంలో పోయేది వారంటీ.

'నో కాస్ట్ ఈఎంఐ' అంటే వడ్డీ లేదనుకుంటారు. చాలా సందర్భాల్లో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తాన్ని ధరలో తగ్గిస్తారు. స్టేట్‌మెంట్‌లో వడ్డీ అనే మాట ఉంటుంది. ఉదాహరణకు వడ్డీ 1,500 అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 270 రూపాయలు, చేతి నుంచే పోతాయి. ప్రాసెసింగ్ ఫీజు వేరే. వడ్డీ లావాదేవీ వద్దనుకునే కుటుంబాలు ఈ సంగతి ముందే తెలుసుకుని, నెలనెలా దాచి నగదుతో కొనడమో, మొదట తక్కువ ధర పరికరంతో మొదలుపెట్టడమో చేయొచ్చు.

ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుందో కూడా లెక్క వేసుకోవాలి. ట్యాబ్ వల్ల నెలకు అదనంగా 1,500 రూపాయలు మిగులుతాయనుకుంటే 30,000 రావడానికి 20 నెలలు. 4,000 రూపాయల పెన్ ట్యాబ్లెట్ అయితే మూడు నెలల్లోపే. పని పెరిగాక పెద్దది తీసుకున్నా నష్టం లేదు.

షాపులో పది నిమిషాల పరీక్ష

ఆన్‌లైన్‌లో ధర తక్కువ ఉండొచ్చు, కానీ గీసి చూసే వీలుండదు. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల మొబైల్, కంప్యూటర్ షాపుల్లో డెమో పీసు ఉందేమో ముందే ఫోన్ చేసి అడగొచ్చు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ సుమారు 165 కిలోమీటర్లు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులు చాలా ఉన్నాయి. ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాద్ 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నాగ్‌పూర్ 200 కిలోమీటర్లే. అంత దూరం పోయి కొన్నప్పుడు రిపేర్‌కు కూడా అంతే దూరం పోవాలి. కాబట్టి 'దీని సర్వీస్ సెంటర్ మాకు దగ్గర్లో ఎక్కడుంది?' అన్నది ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

షాపులో ఇవి చేయండి:

ఒకటి, స్కేలు ఆనించి మెల్లగా వాలు గీతలు గీయండి. మెట్లు మెట్లుగా వస్తే ఆ పెన్ను వద్దు.

రెండు, అరచేయి పూర్తిగా ఆనించి రాయండి. చుక్కలు పడకూడదు.

మూడు, ఒకే గీతను మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కుతూ పోండి. సన్నం నుంచి లావుకు సాఫీగా మారాలి.

నాలుగు, నాలుగు మూలల్లోనూ చుక్కలు పెట్టండి. మొన ఉన్న చోటే చుక్క పడాలి.

ఐదు, అదనపు మొనలు బాక్సులో ఉన్నాయా, విడిగా ఎంతకు దొరుకుతాయో అడగండి. మొనలు అరుగుతాయి. కాగితంలా గరుకుగా ఉండే స్క్రీన్ గార్డు వేస్తే ఇంకా తొందరగా అరుగుతాయి.

ఆరు, పెన్ను బాక్సులో వస్తుందా, విడిగా కొనాలా అన్నది బిల్లు రాసే ముందు బాక్సు తెరిపించి చూడండి.

స్క్రీన్ లేని పలకను ఫోన్‌కు తగిలించి వాడదామనుకునేవాళ్లు బాక్సు మీద ఆండ్రాయిడ్ అని రాసి ఉందో లేదో చూడాలి. ఫోన్ నిలువుగా ఉంటే పలకలో కొంత భాగమే పని చేస్తుందని గుర్తుంచుకోవాలి. ఎడమ చేతి వాటం ఉన్నవాళ్లు పలకను తిప్పి వాడుకునే సెట్టింగ్ ఉందా అని అడగాలి.

పాతది కొంటే

సెకండ్ హ్యాండ్‌లో మంచి ట్యాబ్‌లు సగం ధరకు దొరుకుతాయి. అమ్మేవాళ్ల ఎదురుగానే రీసెట్ చేయించి, వాళ్ల యాపిల్ లేదా గూగుల్ అకౌంట్ తీసేసి, మీ అకౌంట్‌తో తెరుచుకున్నాకే డబ్బు ఇవ్వండి. పాత అకౌంట్ తాళం ఉన్న ట్యాబ్ ఇటుక ముక్కతో సమానం. అసలు బిల్లు తీసుకోండి. స్క్రీన్ మార్పించిన ట్యాబ్‌లలో టచ్ పని చేసినా పెన్ను కొన్ని చోట్ల పని చేయకపోవచ్చు, అందుకే స్క్రీన్ అంతా పెన్నుతో అడ్డంగా, నిలువుగా గీతలు నింపి చూడండి. ఎక్కడైనా గీత తెగితే వదిలేయండి.

ఎవరికి ఏది

ఇంట్లో కంప్యూటర్ ఉండి ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు: నాలుగైదు వేల లోపు స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్, క్రిటా.

మెహందీ పని ఇప్పటికే ఉండి, పెళ్లిళ్లకు పోయి డిజైన్ చూపించాల్సినవాళ్లు: పెన్ను బాక్సులో వచ్చే ఆండ్రాయిడ్ ట్యాబ్, 4 జీబీ నుంచి.

ఖత్తాతీ చేసేవాళ్లు: అరచేతిని పట్టించుకోని స్క్రీన్ ట్యాబ్, చదునైన బ్రష్ కోణాన్ని నిలిపే యాప్. నొక్కుడు లేకపోయినా పర్వాలేదు.

ప్రింటింగ్ షాపు, వెండి పని నమూనాలు, బోర్డులు: కంప్యూటర్, పెన్ ట్యాబ్లెట్, వెక్టార్ సాఫ్ట్‌వేర్.

యానిమేషన్, కామిక్స్ వైపు పోయే విద్యార్థులు: కాలేజీలో ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారో కనుక్కున్నాకే కొనాలి. అది కంప్యూటర్ మీదే నడిచేదైతే ఖరీదైన ట్యాబ్ మీద పెట్టిన డబ్బు వృథా.

పదేళ్ల లోపు పిల్లలు: డ్రాయింగ్ పుస్తకం, రంగు పెన్సిళ్లు. ఏడాది పాటు పుస్తకాలు నింపితే అప్పుడు ట్యాబ్ మాట ఆలోచించొచ్చు.

చివరగా షాపువాణ్ని అడగాల్సిన ప్రశ్నను మార్చుకోండి. 'పెన్ను నడుస్తదా' అని కాదు, 'దీనికి ఏ పెన్ను, దాని పేరేంది, నొక్కుడు తెలుస్తదా, నేను ఒకసారి గీసి చూడొచ్చా' అని అడగండి. గీసి చూడనివ్వని షాపు నుంచి బిల్లు కట్టకుండా బయటికి వచ్చేయండి.